ఒక్క రోజు... ఏ తోట?

"జపాను వెళ్ళొచ్చాను" అనగానే మన సినిమా మిత్రులు అడిగే మొదటి ప్రశ్న "ఏం కొన్నావు?" అని. రెండో ప్రశ్న "పాటకి పనికొచ్చే తోటలేవైనా చూశావా?" అని. మొదటిదానికి నా జవాబు: ఒక గొడుగు. రెండోదానికి: ఒకే ఒక తోట.

"అదేమిటయ్యా! అంత దూరం, అంత ఖర్చు పెట్టుకుని వెళ్ళి, ఒక్కటేనా?" అని నోరు చప్పరించినవాళ్ళే ఎక్కువ. ఆ ఒక్క తోటని ఎంచుకోవడానికి మా ఇంట్లో మూడు రాత్రులు చర్చ జరిగిందనీ, ఒకరు అలిగారనీ, ఒకరు అబద్ధమాడారనీ వాళ్ళకి తెలీదు. అలిగింది మా అక్క. అబద్ధమాడింది... తొందరెందుకు, చెప్తాను.

ఒక్క రోజే ఎందుకు?

మా అక్కా బావా ఏడేళ్ళుగా ఒసాకాలో ఉంటున్నారు. "ఆకులు ఎర్రబడే రోజుల్లో రండి, నాన్నకి చూపిద్దాం" అని అక్క ఏటా పిలుస్తూనే ఉంది. 2023 నవంబరుకి కుదిరింది. మొత్తం పది రోజులు. నాన్నగారికి 74 ఏళ్ళు. మనిషి హుషారే గాని ఎడమ మోకాలు మాట వినదు. దిగిన మర్నాడే ఒసాకా కోట చూపిస్తానని తీసికెళ్ళాను. పెద్ద పెద్ద రాళ్ళ గోడలు చూస్తూ ఆయన నడుస్తూనే ఉన్నారు, నేను నడిపిస్తూనే ఉన్నాను. సాయంత్రానికి మోకాలు బూరెలా పొంగింది.

అక్క ఐసుముక్కలు గుడ్డలో చుట్టి కాపడం పెడుతూ తీర్పు చెప్పేసింది. "ఇంక ఊరేగింపులు చాలు. మీరు వెళ్ళేలోగా ఒక్క రోజు, ఒక్క తోట. 23వ తారీఖు బావకి సెలవు. అందరం కలిసి వెళ్దాం. ఏ తోటో మీరే తేల్చుకోండి."

నవంబరు 23 జపానులో శ్రమకి కృతజ్ఞత చెప్పుకునే సెలవు రోజు. మన పంచాంగం చూస్తే ఆ రోజు కార్తీక శుద్ధ ఏకాదశి. మనకీ అది శరదృతువే. "ఇంకేం, వనభోజనం అనుకుందాం" అన్నారు నాన్నగారు.

అరవై అడుగుల తోట

ఇక్కడ మా నాన్నగారి గురించి నాలుగు మాటలు చెప్పకపోతే కథ నడవదు. ఆయన మద్రాసు స్టూడియోల్లో ముప్ఫై ఏళ్ళు తెరలు గీశారు. సెట్టింగు వెనక కనిపించే కొండలు, కోటలు, మేఘాలు, సముద్రాలు, అవన్నమాట. టైటిల్సులో ఆయన పేరు ఎప్పుడూ పడలేదు. పడాలని ఆయన అడిగినట్టూ నాకు గుర్తులేదు.

1974లో ఒక చిత్రానికి జపాను తోట గీయాల్సి వచ్చింది. దొంగల ముఠాని వెతుక్కుంటూ హీరో జపాను వెళ్తాడు. నిర్మాత మాత్రం కోడంబాకం దాటడు! "లవ్ ఇన్ టోకియో" 1966లోనే జపాను వెళ్ళి తీశారు. ఎమ్జీఆర్ ఒసాకాలో జరిగిన ఎక్స్‌పో 70 ని కెమేరాలో పట్టుకొచ్చి 1973లో "ఉలగం సుట్రుం వాలిబన్" విడుదల చేశారు. "మనమేం తక్కువ తిన్నాం?" అనుకున్న మా నిర్మాతగారు నాన్నగారి చేతిలో ఒక విమానాల కంపెనీ క్యాలెండరు పెట్టి, "ఇలాంటిది కావాలి, రేపటికి" అన్నారట.

అరవై అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల ఎత్తు. ఎర్ర వంతెన, చెరువు, రాతి దీపం, ఎర్రటి చెట్లు, వాటి వెనక నీలం కొండలు. రాత్రంతా ముగ్గురు కూర్చుని గీశారు. రెండు రోజులు క్లబ్బు డాన్సు తీశారు. మూడో రోజు దాని మీద తెల్లసున్నం కొట్టి కైలాసం గీయించారు. తీరా సినిమా నిడివి ఎక్కువైందని ఎడిటింగులో ఆ పాట ఎగిరిపోయింది. నాన్నగారు గీసిన జపానుని ఏ ప్రేక్షకుడూ చూడలేదు.

"మీకు ఎలాంటి తోట చూడాలనుంది?" అని అడిగితే ఆయన ఒక్కటే అన్నారు:

"నేను గీసింది సరో తప్పో చూసుకోవాలిరా."

చిన్న కోరికే గాని, ఎన్ని తోటలుంటే ఏ తోటలో సరిచూసుకోవాలి?

పోటీలో నిలబడ్డ అయిదు

మొదటి రాత్రి బావ మ్యాపు పరిచాడు. "జపాను తోటలన్నీ ఒక్కలా ఉండవు మావయ్యా" అని పాఠం మొదలుపెట్టాడు. కొన్ని నడిచి చూసేవి: చెరువు చుట్టూ దారి తిరుగుతుంటే మలుపు మలుపుకీ దృశ్యం మారుతుంది. కొన్ని కూర్చుని చూసేవి: వసారా మీద కూర్చుంటే తోట ఎదురుగా పటంలా ఉంటుంది. కొన్నిట్లో నీళ్ళే ఉండవు. రాళ్ళూ కంకరా పోసి వాటినే కొండలూ సముద్రమూ అనుకోమంటారు. కొన్ని తేనీటి గృహానికి వెళ్ళే దారి పొడుగునా ఉంటాయి. "ముందు నడకా, కూర్చోవడమా తేల్చుకుంటే సగం పని అయిపోయినట్టే" అన్నాడు.

ఈ మాట చదువరులు గుర్తుపెట్టుకోదగ్గది. నేనే పెట్టుకోలేదు.

కనజావాలోని కెన్‌రొకుఎన్‌తో మొదలుపెట్టాం. జపాను మూడు మహా ఉద్యానాల్లో ఇదొకటి. మిగతా రెండూ ఒకయామాలోని కొరకుఎన్, మితోలోని కైరకుఎన్. ఆ పేరులోనే ఆరు గుణాలున్నాయి: విశాలత, ఏకాంతం, మనిషి పనితనం, పాతదనం, నీటి ప్రవాహం, దూరదృశ్యం. ఈ ఆరూ ఒక్కచోట కుదరవంటారు, ఇక్కడ కుదిరాయంటారు. మంచు బరువుకి కొమ్మలు విరక్కుండా నవంబరు 1 నుంచి పైన్ చెట్లకి తాళ్ళు కడతారు. నడిమి గుంజ కొస నుంచి కొమ్మకొమ్మకీ తాడు దిగి, దూరానికి గుడారంలా కనిపిస్తుంది. బొమ్మ చూసి నాన్నగారు ముచ్చటపడ్డారు. కాని ఒసాకా నుంచి రైల్లో రెండున్నర గంటల పైమాటే. అప్పుడైనా నేరుగా రైలుండేది. 2024 మార్చిలో బులెట్టు రైలు మార్గాన్ని సురుగ దాకా పొడిగించాక ఇప్పుడు అక్కడ దిగి మారాల్సిందే. "పోనూ రానూ ఆయన కాలు వంచి కూర్చోవాలా?" అని అక్క కొట్టేసింది.

తర్వాత షిమానే జిల్లా, యసుగిలోని అదాచి మ్యూజియం. 1970లో తెరిచారు. జపాను తోటల గురించి వెలువడే ఒక ఇంగ్లీషు పత్రిక 2003 నుంచి ఏటా దీనికే మొదటి స్థానం ఇస్తూ వస్తోంది. విచిత్రం ఏమిటంటే ఆ తోటలో ఎవరూ అడుగు పెట్టరు. మ్యూజియం లోపల నడుస్తూ గాజు కిటికీల్లోంచి చూడాలి. ఒక్కో కిటికీ ఒక్కో పటం. మెట్ల బాధ లేదు, ఎండా వానా లేవు. మోకాలికి ఇంతకన్నా మంచిది లేదు. కాని బులెట్టు రైలెక్కి, ఒకయామాలో ఇంకో రైలు మారి, ఆపైన బస్సెక్కాలి. పోను మూడున్నర గంటలు, రాను మూడున్నర. టిక్కెట్ల లెక్క చూసి బావ మౌనం వహించాడు. నాన్నగారైతే "అద్దం వెనక నుంచి చూడ్డానికి జపాను దాకా రావాలా, క్యాలెండరు ఉందిగా!" అని నవ్వేశారు.

ఇక మిగిలినవన్నీ క్యోటో నగరంలోవే. ఒసాకా నుంచి రైల్లో అరగంట.

సైహోజీ, అంటే నాచు తోట. 120 రకాల నాచు నేలంతా పచ్చటి తివాచీలా పరుచుకుని ఉంటుందట. 1339లో ముసో సొసెకి అనే గురువు ఆ ఆలయాన్ని తిరిగి తీర్చిదిద్దాడు. జనం తొక్కిడికి నాచు పాడవుతోందని 1977 నుంచి ముందుగా దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళనే రానిస్తున్నారు. రుసుము మూడు వేల యెన్లకి పైనే. మాకు కావలసిన తారీఖుకి ఖాళీ లేదు. ఎంపిక పని వాళ్ళే చేసిపెట్టారు!

తొఫుకుజీలో దాదాపు 2000 మేపుల్ చెట్లు. లోయ మీద కర్ర వంతెన. ఆ వంతెన మీద నిలబడితే కింద ఎర్రటి మేఘం తేలుతున్నట్టు ఉంటుందని బావ చెప్పాడు. ఆలయం పెద్దగది చుట్టూ 1939లో షిగెమొరి మిరెయ్ అనే ఆయన వేసిన తోటలున్నాయి. ఒకదాంట్లో నాచునీ రాతి పలకల్నీ చదరంగం గళ్ళలా పేర్చాడు. ఎరుపు కావాలంటే ఇంతకు మించింది లేదు. అయితే ఆకులు బాగా పండే రోజుల్లో వంతెన మీద ఫోటో కోసం ఆగనివ్వరు. వెనక జనం తోసుకొస్తుంటారు. సెలవు రోజు, మోకాలి నొప్పి, గుంపు... అక్క తల అడ్డంగా ఊపింది.

చివరిది ర్యోఆన్జీ. ఇది అక్క అభ్యర్థి. సుమారు 25 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉన్న తెల్ల కంకర నేల, అందులో 15 రాళ్ళు. వసారాలో ఎక్కడ కూర్చున్నా ఒక రాయి మరో రాయి చాటున దాక్కుంటుంది, పదిహేనూ ఒకేసారి కనపడవు. సినిమా వాళ్ళకి దీంతో చుట్టరికం ఉంది. ఒజు యసుజిరో 1949లో తీసిన "లేట్ స్ప్రింగ్" లో పెళ్ళీడుకొచ్చిన కూతురున్న తండ్రి, అతని స్నేహితుడు ఈ రాళ్ళ ముందే కూర్చుని, పెంచి పెద్ద చేసి పంపించెయ్యడం గురించి మాట్లాడుకుంటారు. చూసినవాళ్ళు ఆ సన్నివేశం మర్చిపోరు. "మెట్లు కొద్దే. హాయిగా కూర్చుని చూడొచ్చు. ఇదే ఖాయం" అంది అక్క.

"పువ్వుల్లేవు, నీళ్ళు లేవు, ఎర్రటి చెట్టు గోడ అవతల. నేను గీసింది ఇక్కడ ఎలా సరిచూసుకుంటానమ్మా?" అన్నారు నాన్నగారు. ఆ రాత్రికి సభ వాయిదా పడింది.

పక్కింటావిడ మాట

మర్నాడు పొద్దున అక్క వాళ్ళ పక్కింటి పెద్దావిడ పలకరించడానికి వచ్చింది. 2022 అక్టోబరు 21న జపానులో "ఆర్ఆర్ఆర్" విడుదలైంది గదా, ఆవిడ దాన్ని నాలుగుసార్లు చూసిందట. నాన్నగారు సినిమా స్టూడియోల్లో పనిచేశారని అక్క చెప్పగానే ఆవిడ రెండు చేతులూ జోడించేసింది! మా తోటల గొడవ విని, "సినిమావాళ్ళు సినిమావాళ్ళ తోటకే వెళ్ళాలి. ఒకోచి సన్‌సోకి వెళ్ళండి" అంది.

ఒకోచి దెంజిరో (1898-1962) కత్తియుద్ధాల చిత్రాల్లో మహానటుడు. ఒంటి కన్ను, ఒంటి చెయ్యి ఉన్న తాంగె సజెన్ పాత్ర ఆయనకి తెచ్చిన పేరు ఇంతా అంతా కాదు. ఆ పాత్రతో 1935లో యమనక సదావో తీసిన హాస్య చిత్రాన్ని ఇప్పటికీ చూడొచ్చు. కురొసావా మొదటి చిత్రం "సన్‌షిరో సుగాత" (1943) లో హీరోకి జూడో నేర్పే గురువూ ఈయనే. ఈ నటుడు 1931లో క్యోటో పడమటి అంచున అరషియామా దగ్గర ఒగురా కొండ మీద స్థలం కొని తోట వెయ్యడం మొదలుపెట్టాడు. పారితోషికం వచ్చినట్టల్లా అందులోనే పోశాడు. ముప్ఫై ఏళ్ళు, అంటే చనిపోయేదాకా వేస్తూనే ఉన్నాడు.

నా చెవులు నిక్కపొడుచుకున్నాయి. నిజం చెప్పాలంటే నాన్నగారి కోసం కాదు. నేను ఉద్యోగస్తుణ్ణి కాను. వ్యాసానికింత అని వచ్చేదాంతో బతికేవాణ్ణి. జపాను నటుడి తోట! సినిమా పత్రికకి ఇంతకన్నా మంచి సరుకు దొరుకుతుందా? విమానం టిక్కెట్టులో కొంతైనా రాబట్టుకోవచ్చు గదా!

"కొండ మీదన్నారు. మెట్లుంటాయేమో చూడు" అంది అక్క.

ఫోనులో చూశాను. ఉన్నాయి. రాతి మెట్లు, ఎత్తుపల్లాల దారి, పైన చూపు దిక్కు దాకా ఎక్కుడే.

"అబ్బే, పెద్దగా ఏం లేవు. దాదాపు సమంగానే ఉంటుంది" అన్నాను.

ఆ అబద్ధమాడినవాణ్ణి నేనే.

రిక్షా పుట్టిల్లు

23వ తారీఖు పొద్దున్నే బయల్దేరాం. "సమంగానే ఉంటుందన్నావుగా" అని నాన్నగారు చేతికర్ర ఇంట్లోనే వదిలేశారు. నేను చూశాను. చూసి కూడా ఏమీ అనలేదు.

క్యోటోలో రైలు మారి సాగ-అరషియామా స్టేషనులో దిగాం. అంత పొద్దున్నే వెదురువనం దారి నిండా జనం. రెండు పక్కలా వెదుళ్ళు తాటిచెట్ల ఎత్తున లేచి పైన కలుసుకుంటున్నాయి. అక్కడ మనుషులు లాగే రిక్షాలున్నాయి. రిక్షా అనే మాట పుట్టిందే జపాను భాషలో; మనిషి బలంతో నడిచే బండి అని దానర్థం. కండలు తిరిగిన కుర్రాడొకడు నవ్వుతూ వంగి దండం పెట్టాడు. "ఎక్కండి నాన్నా, కాలికి తేలిక" అన్నాను.

"మద్రాసులో లాగేవాళ్ళని చూశాను. 1973లో అక్కడ వాటిని ఎత్తేసిన రోజు మా పెయింటింగు షెడ్డులో అందరం సంతోషించాం. ఇక్కడికొచ్చి ఎక్కనా?" అని ముందుకి నడిచారు. ఆ కుర్రాడి ముఖంలో కష్టమేమీ లేదు. దాని రేటూ తక్కువేం కాదు. అయినా ఆయన ఎక్కలేదు. మిగతావాళ్ళు పావుగంటలో నడిచే దారి మాకు నలభై నిమిషాలు పట్టింది.

వెదురువనం చివర గేటు. తొమ్మిదింటికి తలుపులు తీస్తారు. టిక్కెట్టు వెయ్యి యెన్లు. అందులోనే ఒక గిన్నె చిక్కటి పచ్చ తేనీరు, ఒక మిఠాయి. వెదురువనంలో వేలమంది ఉన్నారా, ఈ గేటు దాటేసరికి చెయ్యెత్తి లెక్కపెట్టగలిగినంతమందే!

నాలుగడుగులు వేశామో లేదో, రాతి మెట్లు మొదలయ్యాయి.

నాన్నగారు ఆగి మెట్ల వైపు చూశారు. నా వైపు చూశారు. అక్క కూడా నా వైపే చూసింది; ఆ చూపు ఒకోచి దెంజిరో కత్తికన్నా పదునుగా ఉంది.

"నీకు ముందే తెలుసు గదూ?" అన్నారు నాన్నగారు.

"తెలుసు నాన్నా. చెబితే అక్క రానివ్వదని..."

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అన్నారు: "మెట్లున్నాయని చెప్పుంటే రానని అనేవాణ్ణి కాదురా. కర్ర తెచ్చుకునేవాణ్ణి."

ముప్ఫై ఎనిమిదేళ్ళొచ్చాయి నాకు. ఆ మాటకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయనే నా భుజం మీద చెయ్యి వేశారు. బావ రెండో పక్క పట్టుకున్నాడు. మెట్టుకో నిమిషం చొప్పున ఎక్కాం.

అరువు తెచ్చుకున్న కొండ

మెట్లన్నీ ఎక్కాక పచ్చికలో దైజోకకు అనే ప్రధాన భవనం ఉంది. దాని ముందు నిలబడి వెనక్కి తిరిగితే పైన్ చెట్ల కొమ్మల మధ్య నుంచి క్యోటో నగరం, ఆ నగరానికి అవతల హియెయ్ కొండ. నగరమూ కొండా తోటవి కావు. అయినా తోటలో భాగమే! అడ్డొచ్చేవి చెట్లతో మూసి, కావలసినంత మేర వదిలి, దూరపు కొండని తన తోటలోకి తెచ్చుకున్నాడు. దీన్ని వాళ్ళు "షక్కెయ్" అంటారు. అరువు తెచ్చుకున్న దృశ్యం అని అర్థం.

బావ ఈ మాట వివరిస్తుంటే నాన్నగారు చెయ్యెత్తి ఆపారు.

"నాకు చెప్పక్కర్లేదు నాయనా. ఇది మా పనే. సెట్టులో ముందర నిజం మొక్కలు పెడతాం. వెనక తెర మీద గీసిన చెట్లు. రెండూ కలిసే అతుకు కనపడకూడదు గదా, అక్కడో పొద పెడతాం. ఆ పైన్ చూడండి, ఆ కొమ్మ ఎందుకు అలా వంచాడు? కింద ఇళ్ళ కప్పులు కనపడకుండా. అతుకు మూశాడు!"

ఆయన రాతి అరుగు మీద కూర్చుండిపోయారు. మేపుల్ ఆకులు కొన్ని నిప్పురంగులో, కొన్ని ఇంకా పచ్చగా, ఒకే చెట్టుకి రెండు రంగులూ ఉన్నాయి. ఆయన చూస్తున్నది మాత్రం ఎర్రటి ఆకుల్ని కాదు, వాటి వెనక దూరాన్ని. చాలాసేపటికి అన్నారు:

"వంతెన తప్పురా. అంత ఎరుపు వంతెన ఇక్కడ లేదు. రాతి దీపం మరీ పెద్దది గీశాను. చెట్లన్నిటికీ ఒకటే ఎరుపు కొట్టాం, అదీ తప్పే. కాని ఆ కొండలు... దూరం పోయేకొద్దీ నీలంలో తెలుపు కలిపాను చూడు, అది సరిపోయింది."

అరవై అడుగుల తెర. రెండు రోజులు బతికింది. 49 ఏళ్ళ తర్వాత దానికి ఆయనే మార్కులు వేసుకున్నారు.

రీలు పోయింది, చెట్టు మిగిలింది

"మీరు పైదాకా వెళ్ళి రండి, నేనిక్కడే ఉంటాను" అన్నారు. అక్క ఆయన దగ్గరే ఉండిపోయింది. నేనూ బావా పైకెక్కాం. ధ్యానమందిరం, తేనీటి గృహం దాటి దారి మెలికలు తిరుగుతూ పోతుంది. ప్రతి మలుపులో ఒక్కటే వస్తువు కనపడేలా పెట్టాడు: ఒకచోట ఒక రాయి, ఒకచోట ఒకే ఎర్రటి చెట్టు. కెమేరా ఎక్కడ పెట్టాలో తెలిసినవాడు వేసిన తోట! పైన ఒకవైపు హోజు నది లోయ, రెండోవైపు నగరమంతా. నాన్నగారు అది చూడలేదు. కర్ర ఉండి ఉంటే చూసేవారేమో.

దిగేదారిలో ఒకచోట ఆ నటుడి ఫోటోలు, చిత్రాల వివరాలు పెట్టారు. అప్పటి ఫిల్ము ఎక్కువకాలం నిలిచేది కాదు, అందుకే నశించని అందం కోసం ఆయన ఈ తోట వేశాడని అక్కడివాళ్ళు చెప్తారు. అదెంత నిజమో ఆయన చిత్రాలే సాక్ష్యం. 1927లో ఇతో దైసుకె దర్శకత్వంలో ఆయన నటించిన "చూజి యాత్రా దినచర్య" అనే మూడు భాగాల మూకీ దశాబ్దాల పాటు పోయిందనే అనుకున్నారు. 1991లో కొంత దొరికింది. మొదటి భాగం దాదాపు పూర్తిగా పోయినట్టే. మనమేం తక్కువ? మన తొలి టాకీ "భక్త ప్రహ్లాద" (1932) ప్రింటు ఈనాడు చూద్దామంటే ఎక్కడుంది?

కిందికొచ్చి నాన్నగారికి ఈ సంగతి చెప్పాను.

"తెలివైనవాడు. మా సెట్లు ఏడో రోజుకి పీకేసేవాళ్ళు. ఇతను పీకడానికి వీల్లేని సెట్టు వేసుకున్నాడు" అన్నారు. ఆ తర్వాత కాస్త ఆగి, "అయినా దీనికీ రోజూ ఎవరో కొమ్మలు కత్తిరించాలి, ఆకులు ఊడవాలి. లేకపోతే పదేళ్ళలో అడివే" అని ఊడుస్తున్న మనిషి వైపు చూపించారు. సూటిగా చెప్పాలంటే, ఆ తోటలో నాన్నగారు నమస్కారం పెట్టింది ఆ మనిషికొక్కడికే.

తేనీటి గదిలో వెదుళ్ళ వైపు తిరిగి కూర్చుని పచ్చ తేనీరు తాగాం. "కరివేపాకు కషాయంలా ఉంది" అన్నారు. మిఠాయి ముందు తిని తేనీరు తర్వాత తాగాలట. మేం తలకిందులుగా కానిచ్చాం.

మీరు వెళ్తే...

ఆ రాత్రి మోకాలు మళ్ళీ పొంగింది. అక్క మూడు రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడింది. న్యాయమే.

క్యోటోకి ఆకుల కాలంలో వెళ్ళాలనుకునే చదువరులకి నాకు తెలిసింది చెప్తాను. నవంబరు రెండో సగం నుంచి డిసెంబరు మొదటి రోజుల దాకా అక్కడ రంగు ముదురుతుంది. ఏడు వెచ్చగా ఉంటే ఆలస్యమవుతుంది. కంటినిండా ఎరుపు కావాలి, గుంపుకి భయపడననుకుంటే తొఫుకుజీ. కూర్చుని ఊరుకోగలిగితే ర్యోఆన్జీ. నెలల ముందు ఏర్పాటు చేసుకోగలిగితే సైహోజీ. ఇంకో రోజు చేతిలో ఉంటే కెన్‌రొకుఎన్. నడవలేని పెద్దవాళ్ళుంటే, దూరమైనా సరే, అదాచి. సినిమా పిచ్చి ఉంటే ఒకోచి సన్‌సో. సెలవు రోజైతే తొమ్మిదింటికే గేటు దగ్గరుండండి. ఏ తోట గొప్పదని అడక్కండి. మీ వెంట ఎవరొస్తున్నారు, వాళ్ళు ఎంతసేపు నడవగలరు అన్నది ముందు చూసుకోండి. మెట్లుంటే ఉన్నాయని చెప్పండి.

తిరిగొచ్చాక హైదరాబాదులో నాన్నగారు ఒక పని మొదలుపెట్టారు. పాత డ్రాయింగు అట్ట దులిపి, రంగులు తెప్పించుకుని, 1974 నాటి తెరని చిన్న సైజులో మళ్ళీ గీస్తున్నారు. వంతెన తీసేశారు. దీపం తగ్గించారు. ఒకే చెట్టుకి ఎరుపూ పచ్చా రెండూ వేశారు. కొండల నీలం మాత్రం ముట్టుకోలేదు.

మూల ఒక చిన్న బొమ్మ కొత్తగా వచ్చింది: చీపురుతో వంగి ఆకులు ఊడుస్తున్న మనిషి. "ఇదెందుకు నాన్నా?" అని అడిగాను.

"టైటిల్సులో పేరుండదుగా" అన్నారు.